బరువులమ్మాయి

ఒక పూటంతా ఆ పిల్ల పోయిందనుకున్నాను.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒకప్పుడు మాతో పాటు ఉండే ఒకావిడ మొన్న పొద్దున్నే ఫోన్ చేసి, "మన బరువులమ్మాయి పోయిందటమ్మా, నీకు కబురందిందా?" అంది. ఆవిడకీ ఎవరో చెప్పారట, అంతకుమించి తెలియదట. పొయ్యి మీద పాలు పెట్టి ఫోనెత్తినదాన్ని, అవి పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ తరవాత వంట సంగతి మరిచిపోయి పాత నంబర్లన్నీ వెతకడం మొదలుపెట్టాను. మా వారు తన పాత స్నేహితులకి చేశారు, వాళ్లు ఇంకెవరికో చేశారు. భోజనాల వేళ దాటాక ఒక నంబరు దొరికింది. అవతల ఎవరెత్తితే ఏమని పలకరించాలా అనుకుంటుంటే, ఎత్తింది ఆ పిల్లే.

"ఏటొదినా! ఇన్నాళ్లకి గురుతొచ్చినానేటి?"

నా నోటికి ముందు తిట్టే వచ్చింది. సంగతి చెబితే పకపకా నవ్వింది. పోయినావిడ వేరే మనిషట, తరవాతెప్పుడో అదే క్వార్టర్లో కొన్నాళ్లుండి వెళ్లిన ఇంకొకావిడట. "నీతో సెప్పకుండా ఎలగ పోతానొదినా?" అంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ పూట మాకు పచ్చడి మెతుకులే గతి అయినా కడుపు నిండా తిన్నాం. పిల్ల పిల్ల అంటున్నాను గానీ ఆవిడకిప్పుడు యాభై దాటాయి. నా కళ్ల ముందు మాత్రం తొంభైల్లో మా పక్క క్వార్టర్లో దిగిన రోజు చూసిన మనిషే ఉంది.

మా వారు గూడ్సు బళ్ల గార్డు. మామగారి కాలం నుంచీ మాది బిలాస్‌పూరే. ఆ వరస క్వార్టర్లలో సగం ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లవే కాబట్టి, కొత్తగా ఎవరు దిగినా మా అత్తగారు ముందు ఊరు కనుక్కునేవారు, తరవాత ఇంటిపేరు, పేరు చివర్న. ఈసారి దిగింది ఒంటరి ఆడపిల్ల. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, అంతే సామాను. పెట్టె దించడానికి రిక్షా అతను ముందుకొస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టె ఎదురుగా నిలబడి దాన్ని కాసేపు చూసింది. పాదాలు ఎడంగా సర్దుకుంది. ఊపిరి పీల్చి, "రావే," అని, ఒక్క గుంజుకి దాన్ని భుజం మీదికి తెచ్చేసి లోపలికి పట్టుకుపోయింది. రిక్షా అతను "బాప్ రే!" అన్నాడు. మా అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారు.

బరువులెత్తే పోటీల్లో గెలిచి, దాని మీద రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల అది. పగలు ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ అనే రైల్వే క్లబ్బు వెనక హాల్లో కోచ్ దగ్గర సాధన. పేరుండనే ఉంది గానీ వారం తిరక్కుండా కాలనీ అంతటికీ బరువులమ్మాయి అయిపోయింది.

బరువులెత్తుతుందంటే మగరాయుడిలా ఉంటుందనుకునేరు. అదేం లేదు. పొట్టిగా, సన్నగా, నూనె రాసి బిగించి అల్లిన జడతో మా వైపు ఏ ఊళ్లోనైనా కనిపించే పిల్లలాగే ఉండేది. చేతులు చూస్తేనే తెలిసేది. అరచేతుల నిండా కాయలు కాసి గరుకుగా ఉండేవి. పేరంటానికి వస్తే నా పట్టుచీర అంచు చూడాలని సరదాపడి, చెయ్యి చాచినట్టే చాచి, "వొద్దులే ఒదినా, నా సెయ్యి తగిల్తే పోగులు లేసిపోతాయి," అని వెనక్కి తీసుకునేది. టాల్కం పౌడరు డబ్బాలకి డబ్బాలు కొనేది. ఒక్కనాడు ముఖానికి రాసుకోగా నేను చూడలేదు. చెమటకి బరువుల రాడ్ జారకుండా అంతా అరచేతులకే పోసేది.

ఏది ఎత్తాలన్నా ముందు అలా చూడవలసిందే. గ్యాసు బండైనా, నీళ్ల బకెట్టైనా, చివరికి మా ఇంటి రుబ్బురోలైనా సరే, ఎదుట నిలబడి ఒకసారి కన్నార్పకుండా చూసి, పాదాలు సర్దుకుని, నోట్లో నోట్లోనే "రావే" అనుకుంటే గాని చెయ్యి వేసేది కాదు. మా వారు ఆటపట్టించేవారు, "దాని అనుమతి తీసుకుంటున్నావా ఏమిటమ్మా?" అని. "మరి తీసుకోవద్దేటన్నయ్యా? దానికి తెలీకండా ఎత్తీస్తే నడుం పట్టీసుకుంతాది," అనేది ఏమాత్రం నవ్వకుండా.

ఇంకో పిచ్చి, చేతికందినదాని తూకం చెప్పడం. ఊరి బయట కోనీ నుంచి గుమ్మడికాయలు తెచ్చే ముసలమ్మ తక్కెడ సర్దుకునేలోపే ఎంతుంటుందో చెప్పేసేది. పురిటింటికి వెళ్తే పసిపిల్లని ఎత్తుకుని, పోలికల మాట అందరికీ వదిలేసి బరువెంతో చెప్పేది. సగం సార్లు తప్పేది. మా అత్తగారి విషయంలో కావాలనే తప్పేదని నా అనుమానం. "నువ్వెంతనేటత్తా, అరవై మించవు," అనేది. అత్తగారు ముసిముసిగా నవ్వుకునేవారు. స్టేషన్లో రంగు దీపాల తూకం మిషను మాత్రం ఆవిడతో వేరే మాట చెప్పేది.

నన్ను ఒదినా అనేది, మా అత్తగారిని అత్తా అనేది. వరస కుదరదని, తనని పెద్దమ్మా అనాలని ఆవిడ ఎన్నిసార్లు సవరించబోయినా వినేది కాదు. రోజూ పొద్దున్న కాఫీ మా ఇంట్లోనే. సరాసరి వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చునేది.

ఆ పిల్ల తిండే నాకు అంతుపట్టేది కాదు. తనే ఒకరోజు కూర్చోబెట్టి చెప్పింది. ఆ పోటీల్లో ఎంత ఎత్తారన్న దానితో పాటు ఎత్తే మనిషి బరువెంతన్నదీ చూస్తారట. యాభై నాలుగు కేజీలు మించనివాళ్లది ఒక తరగతి, యాభై తొమ్మిది మించనివాళ్లది దాని పైది. పోటీ రోజున ముందు మనుషుల్నే తూస్తారు. ఈ పిల్ల అసలు బరువేమో యాభై ఏడుకి అటూ ఇటూ. కింది తరగతికి ఎక్కువ, పై తరగతికి తక్కువ. ఉద్యోగం వచ్చింది కింది తరగతిలో గెలిచి కనక, అందులోనే ఉండమని కోచ్ గారి మాట. పైనున్న అమ్మాయిలు బాగా పుష్టి గలవాళ్లు, వాళ్ల ముందు నిలవలేదని ఆయన భయం. ఆ ఏడాది చలికాలంలో జరిగే రైల్వే పోటీల్లో మొదటి ముగ్గురిలో ఉంటేనే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే పెట్టె సర్దుకోవలసిందే. ఊళ్లో తల్లి ఒక్కతే ఉంది, ఈ పిల్ల జీతం మీదే బతుకుతోంది.

అందుకని ఆకలి చంపుకోవడం నేర్చుకుంది. ఇడ్లీ పెడితే అంచులు తిని మధ్యది నా కంచంలో వేసేది. నీళ్లు పుక్కిలించి ఉమ్మేసేది. మా వాళ్లలో ఎవరింటికి కొత్త కోడలు వచ్చినా ఊరి నుంచి సారె డబ్బాలు దిగేవి, ఆ సారె కాలనీ అంతా పంచాలి. ఆ డబ్బాలు ఇల్లిల్లూ మోసేది ఈ పిల్లే, తిననిది ఈ పిల్లొక్కతే. వద్దంటే ఇచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని అరిసెలోంచి గోరంత తుంచి నోట్లో వేసుకుని, "బాగున్నాది," అని, మిగతాది చున్నీ కొసన ముడేసుకునేది. ఆ ముడి మా ఇంట్లో విప్పేది. ఆ ఏడాది నేను రెండు జాకెట్లు వదులు చేయించుకున్నాను. కారణం మా వారికి చెప్పలేదు.

మే నెలలో ఒక సాయంత్రం వచ్చి, "ఒదినా, అన్నయ్య రెయిన్‌కోటు ఓపాలి ఇత్తావేటి?" అంది. బయట ఇంకా నిప్పులు చెరుగుతోంది. "రెయిన్‌కోటెందుకే ఇప్పుడు?" అన్నాను. "ఏసుకుని పరిగెడితే సెమట్లు పోస్తాయి. తూకం దిగుతాది." గార్డులకిచ్చే ఆ కోటు మోకాళ్ల కింది దాకా ఉంటుంది, బరకంలా బరువు. అది తొడుక్కుని మెడ దాకా బొత్తాలు పెట్టుకుని రైల్వే గ్రౌండు చుట్టూ పరిగెత్తింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. తిరిగొచ్చి వరండాలో కోటు విప్పితే దాని చేతుల్లోంచి నీళ్లు కారాయి. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. స్తంభం పట్టుకుని నిలబడి, "కిలో పైనే దిగినాను," అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజున మా వారు ఆ కోటు తొడుక్కుని, వాసన చూసి, "ఇందులో ఎవరైనా కాపురం పెట్టారా?" అన్నారు.

ఒళ్లు తగ్గింది. కాని ఎత్తే బరువూ తగ్గింది. ఇన్‌స్టిట్యూట్‌లో ఏదో మన తెలుగు వాళ్ల సభ ఉంటే నేను వెళ్లి, అది ఇంకా మొదలవకపోతే వెనక హాల్లోకి తొంగి చూశాను. చెక్క అరుగు మీద రాడ్ ఉంది. ఆ పిల్ల దాన్ని చూసింది, పాదాలు సర్దుకుంది, "రావే" అంది. రాడ్ మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ చూసింది, మళ్లీ అంది. రాలేదు. మూలనుంచి కోచ్ గారు "జోర్ లగావ్!" అని అరుస్తున్నారు. ఆ పిల్ల రాడ్ పక్కనే చతికిలబడి దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో, "మునుపు అది రోజూ వొచ్చీది ఒదినా, నాకు బాగా తెలిసిన బరువే," అంది. తప్పు తనదో దానిదో తేల్చుకోలేకపోతున్నట్టు ఉంది ఆ గొంతు.

మా అత్తగారికి ఈ గొడవేదీ పట్టలేదు. ఆవిడ కన్ను వేరే చోట ఉంది. నెలనెలా ఆ మూడు రోజులూ ఆడవాళ్లు గడప దాటి లోపలికి రాకూడదన్నది ఆవిడ పట్టుదల. నాకే కాదు, రోజూ వచ్చిపోయే ఇరుగుపొరుగు వాళ్లందరికీ అదే నియమం. వరండాలో వాళ్ల కోసం ఒక చాప, విడిగా ఒక గ్లాసు ఉండేవి. ఆ వరసలో ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు బయటున్నారో ఆవిడకి నోటికి వచ్చు. అలాంటి మనిషికి వానలు మొదలయ్యాక ఒకరోజు తట్టింది, ఉగాది ముందు నుంచీ బరువులమ్మాయి ఒక్కసారైనా ఆ చాప మీద కూర్చోలేదని. చెప్పకుండా లోపలికి వచ్చేస్తోందని, దేవుడి గది మైల చేసిందని ఆవిడ మండిపడ్డారు. నాతో రెండు రోజులు సణిగారు. నా మనసు మాత్రం ఇంకో వైపు పోయింది. పెళ్లికాని పిల్ల, ఊరుగాని ఊరు, ఒంటరిగా ఉంటోంది.

మూడో రోజు సాయంత్రం అత్తగారు వరండాలో బియ్యం చెరుగుతూ ఆ పిల్లని పిలిచారు.

"ఇలా రావే. నా కళ్లలోకి చూసి చెప్పు. బయటుండవలసిన రోజుల్లో నా దేవుడి గదిలోకి వస్తున్నావా?"

"నేదత్తా, ఒట్టు."

"అచ్ఛా! మరి నువ్వు ఆ చాప మీద కూకోగా చూసి ఎన్నాళ్లయిందేటి?"

"అసలు నాకు రాడమే మానీసినాయి," అంది ఆ పిల్ల, కుళాయి రావడం మానేసిందన్నంత తేలిగ్గా. "మంచిదే కదా అత్తా. పోటీల రోజుల్లో ఆ బాద నేదు."

అత్తగారి చేతిలో చేట ఆగిపోయింది. ఆవిడ కళ్లు నెమ్మదిగా ఆ పిల్ల పొట్ట మీదికి దిగాయి. ఆ చూపు ఆ పిల్లకి అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

"అదేటి కాదత్తా. నన్నలగ సూడకు," అని ఏడుపు మొదలుపెట్టింది.

"నోరుముయ్యవే. నేనదనుకోలేదు," అన్నారు అత్తగారు. అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కాని ఆ పొట్టలో బిడ్డ మాట అటుంచి, మెతుకు కూడా లేదని ఇద్దరికీ అప్పటికే కనబడుతోంది. ఆవిడ చేట పక్కన పెట్టి, ఆ పిల్ల కింది రెప్ప లాగి చూశారు. మణికట్టు పట్టుకుని చూశారు. ఆ తరవాత ఆవిడ గొంతు మారింది.

"మా అమ్మ చెప్పేది. వాళ్ల చిన్నప్పుడు కరువొస్తే ఊళ్లో ఆడోళ్లందరికీ ఇలాగే ఆగిపోయాయట. ఇంటి నిండా బియ్యం పెట్టుకుని నీకు కరువేటే తల్లీ?"

ఆ పిల్ల ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది. నేను లోపలికి పోయి కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు ముగ్గురం రైల్వే ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి లేడీ డాక్టరు హిందీలో నెమ్మదిగా విడమర్చి చెప్పింది. తిండి చాలకపోతే ఒళ్లు ఒక్కొక్క పనే మూసేసుకుంటూ వస్తుందట. ముందు ఇది, తరవాత ఎముకలు. ఇలా ఉంటే బలం పెరగడం మాట దేవుడెరుగు, ఉన్నదీ పోతుందట. బలమూ కావాలి, ఒళ్లూ తేలిగ్గా ఉండాలి అంటే తిండి మానేసి కాదు, సరైనది సరిపడా తిని చెయ్యాలంది. మందేమీ రాయలేదు. "ఖానా ఖావ్," అంది, అంతే. ఒక్క సీసా అయినా రాయని డాక్టరేం డాక్టరని అత్తగారు మెట్లు దిగుతూ విసుక్కున్నారు.

రిక్షాలో ఆ పిల్ల మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని గొణిగింది. "తింటే కింది తరగతి పోతాది. పైకెల్తే ఓడిపోతాను. ఓడిపోతే ఉద్యోగం పోతాది. నన్నేటి సెయ్యమంటారు?"

కొంతదూరం పోయాక అత్తగారన్నారు, "ముందు ఆ కోచ్‌కి చెప్పు."

"సార్‌తోనా? ఈ మాటా? సచ్చిపోతాను గానీ సెప్పను."

"అయితే నేనే చెప్తాను."

అన్నంత పనీ చేశారు. ఆ సాయంత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను తోడు తీసుకుని ఇన్‌స్టిట్యూట్‌కి బయల్దేరారు. ఎన్నో ఏళ్లుగా బిలాస్‌పూర్లో ఉన్నా మా అత్తగారి హిందీలో ఆడా మగా తేడా ఉండేది కాదు. కోచ్ గారు మెళ్లో విజిల్ వేసుకుని, గుబురు మీసంతో గంభీరంగా ఉంటారు.

"సాబ్, ఆప్ కా లడ్కీ బీమార్ హై," అన్నారు అత్తగారు.

"క్యా హువా, మాతాజీ?"

అత్తగారు అటూ ఇటూ చూశారు. చెప్పాల్సిన మాట ఏ భాషలోనూ మగవాడితో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. "ఔరత్ వాలా బీమారీ," ఆడవాళ్ల జబ్బు, అన్నారు చివరికి.

కోచ్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు. విజిల్ని చేత్తో పట్టుకుని నేల చూపులు చూశారు.

"ఖానా నహీ ఖాతా," అని అత్తగారు ఇక ఆగలేదు. "ఇంజన్ మే కోయ్‌లా నహీ డాలా తో గాడీ కైసా చలేగా? ఆప్ బోలో. గాడీ ఖడా హో గయా, సాబ్!" బొగ్గు వెయ్యకపోతే బండి ఆగిపోదా అని ఆవిడ గోడు.

ఆయనకి ఆ పిల్ల మీద ప్రేమ లేక కాదు, ఉద్యోగం నిలబెట్టాలనే ఆ ఆరాటమంతా. పై తరగతిలో అమ్మాయిలు చాలా గట్టివాళ్లని మెల్లిగా చెప్పబోయారు. "తో యే భీ గట్టీ హోగా. మై ఖిలాయేగా," అన్నారు అత్తగారు, తినిపించే పూచీ తనదని, తెలుగూ హిందీ కలిపేసి. ఆయన మీసాల చాటున నవ్వినట్టనిపించింది. చివరికి, హాలు మూల తల దించుకుని నిలబడ్డ ఆ పిల్ల వైపు తిరిగి, నువ్వే ఆలోచించుకుని చెప్పమన్నారు.

ఆ పూట అత్తగారు కంచం పెట్టారు. వేడన్నం, ముద్దపప్పు, బెండకాయ వేపుడు, గిన్నెడు పెరుగు. ఆ పిల్ల పీట మీద కూర్చుని కంచం వైపు చూసింది. అచ్చం రాడ్ వైపు చూసినట్టే చూసింది. కూర్చున్నచోటే పాదాలు సర్దుకుంది. నాకు తెలుసు, ఆ ముద్ద ఎత్తిందంటే కింది తరగతి వదిలేసినట్టే, ఎత్తకపోతే మనిషే మాకు దక్కదు. అత్తగారు గరిట పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆ పిల్ల పెదాలు కదిలాయి. "రావే," అంది. ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకుంది. ఆ తరవాత ఆగలేదు. కంచం ఖాళీ చేసి, పెరుగు గిన్నె కూడా తుడిచేసి, "రేపు సార్‌తో సెప్పీస్తాను, పైకే ఎల్తానని," అంది. నేను అప్పుడు గాని చూసుకోలేదు, నా కంచంలో అన్నం అలాగే ఉంది.

ఆ మర్నాటి నుంచి ఇంకో బాధ, మా అత్తగారి నెయ్యి. బక్కచిక్కిన పిల్లని బండలా చేస్తేగాని ఆవిడకి తృప్తి లేదు. సున్నుండలు చేశారు, జీడిపప్పు ఉప్మా చేశారు. "నెయ్యి కాదత్తా, గుడ్డెట్టు. పప్పెట్టు, సేపలెట్టు," అని ఆ పిల్ల వేడుకునేది. చాటుగా నాతో, "అత్తంత అయిపోతానేమో ఒదినా," అని భయపడేది. మా ఇంట్లో శనివారం గుడ్డు పొయ్యెక్కడం ఎన్నడూ లేదు. ఆ పిల్ల కోసం అత్తగారు పెరట్లో కిరసనాయిలు స్టవ్వూ, విడిగా ఒక గిన్నే పెట్టి, దేవుడికి వినబడకుండా అన్నట్టు మూత వేసి ఉడకబెట్టేవారు. కోచ్ గారు కూడా సాధన తగ్గించి, వారంలో ఒకరోజు పూర్తిగా విశ్రాంతి ఇచ్చారు. ఆ పిల్ల రెయిన్‌కోటు మళ్లీ అడగలేదు.

దసరా నాటికి బుగ్గల్లోకి రంగొచ్చింది. భుజాలు నిండాయి, నడుం మాత్రం అలాగే సన్నగా ఉంది. తూకం యాభై తొమ్మిది దాటకుండా దాని కిందే నిలిచింది. అత్తగారికి అదో నిరాశ. "ఇంత పెడుతుంటే ఎక్కడికి పోతోందే?" అని అడిగితే, "రాడ్ మీదికెల్తంది," అనేది. నిజమే, రాడ్ రావడం మొదలుపెట్టింది.

పోటీలు వేరే ఊళ్లో జరిగాయి. జట్టుతో వెళ్లిన నాటి నుంచీ మా ఇంట్లో ఎవరికీ పని మీద మనసు లేదు. మా వారు డ్యూటీ మీద వెళ్లిన ప్రతి స్టేషన్లోనూ రైల్వే ఫోన్లో వాకబు చేస్తూనే ఉన్నారట. ఆ సాయంత్రం యూనిఫారంతోనే, చేతిలో జెండాలతోనే, గేటు దగ్గర్నుంచే అరుస్తూ వచ్చారు.

"మూడో స్థానం! మూడో స్థానం వచ్చేసింది!"

కింది తరగతిలో ఉండగా ఏనాడూ ఎత్తనంత బరువు ఆఖరి అవకాశంలో తల మీదికి ఎత్తి నిలబెట్టిందట. ఉద్యోగం ఇక ఎక్కడికీ పోదు. అత్తగారు గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టారు. నేను గోడకి చేరబడి తనివితీరా ఏడ్చాను. ఇన్ని నెలలు మేమందరం ఆ పిల్లతో పాటు ఆ రాడ్ పట్టుకునే ఉన్నామని అప్పుడే నాకు తెలిసింది.

తిరిగొచ్చి పతకం అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్లకద్దుకుని దేవుడి దగ్గర పెట్టి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "ఇది సరేనే. అది వచ్చిందా?"

"నేదత్తా. డాక్టరమ్మ టైం పడతాదన్నాది కదా."

ఆవిడ ముఖం వాడిపోయింది. ఆ తరవాత రోజూ పొద్దున్నే ఆ పిల్ల వంటింట్లోకి వచ్చినప్పుడల్లా అత్తగారు గుమ్మం వైపు చూసి నిట్టూర్చేవారు. పిల్ల రావడం ఆవిడకి ఇష్టమే, కాని ఏదో ఒకరోజు రాకుండా ఉంటే బాగుండునని ఎదురుచూపు. ఆవిడ ఇలా చింతపడటం నేనెప్పుడూ చూడలేదు. పక్కనున్న కోటాలో బంధువుల పెళ్లికి వెళ్లి కూడా, అక్కడి గుడిలో దీనికోసమే మొక్కుకున్నారు.

చలి విరిగే రోజుల్లో ఒక పొద్దున నేను కాఫీ కలుపుతున్నాను. ఎప్పుడూ వచ్చే వేళ దాటిపోయింది. వీధి వైపు నుంచి కేక వినబడింది.

"అత్తా!"

"లోపలికి రావే, కాఫీ చల్లారిపోతోంది," అన్నారు అత్తగారు.

"రాను."

"ఏటే, కోపమా?"

"రాకూడదత్తా. మూడ్రోజులు."

ఒక్క క్షణం మా ఇద్దరికీ బుర్రకెక్కలేదు. ఆ తరవాత అత్తగారి చేతిలో గరిట ఎక్కడ పడిందో నేను చూడలేదు. ఆవిడ అంత వేగంగా నడవగలరని నాకు తెలియదు. వెనకే నేనూ పరిగెత్తాను. ఆ పిల్ల మెట్ల కింద నిలబడి ఉంది. నవ్వుతోంది, బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. వీధిలో మగవాళ్లు పోతున్నారు, మా ముగ్గురికీ సిగ్గన్నది గుర్తుకే రాలేదు.

అత్తగారు చాప తెచ్చి వరండాలో పరిచారు. ఆ పిల్లని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి కూర్చోబెట్టారు. నేను విడి గ్లాసు తేవడానికి లోపలికి తిరిగేసరికి, ఆవిడ కూడా ఆ చాప మీదే, ఆ పిల్ల భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు. ఆ మూడు రోజుల్లో ఏనాడూ నా నీడ కూడా సోకనివ్వని మనిషి.

"అత్తయ్యా, మీకు మైల!" అన్నాను, నవ్వాలో ఏడవాలో తెలియక.

"అవనీ. స్నానం చేస్తాన్లే," అన్నారావిడ, ఆ పిల్ల జుట్టు నిమురుతూ. "ముందు దీనికి కాఫీ పట్టుకురా. నాకూ ఇక్కడికే తే."